జొన్నకంకిలో కాటుక

నంద్యాలనుంచి ఆళ్లగడ్డకు పోయే బాట కుందూనది లోయలో సాగుతుంది. తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల కొండలు, రెంటి మధ్య నల్లరేగడి భూములు. కె.సి. కాలువ నీరు అందిన చోట వరి. అందని చోట జొన్న, శనగ, ప్రత్తి, కొర్ర. జొన్న పాలుపోసుకునే వేళకు ఈ చేలలో నడిస్తే, అక్కడక్కడ ఒక కంకి తక్కిన కంకులవలె ఉండదు. గింజ ఉండవలసిన చోట బూడిదరంగు తిత్తి ఒకటి ఉంటుంది. దాన్ని చిదిపితే పాలూ రావు, పిండీ రాదు. వేళ్ళకు నల్లని పొడి అంటుకుంటుంది. కంటికి పెట్టుకునే కాటుకవలె అది మెత్తగా ఉంటుంది. అందుచేతనే రైతులు దీన్ని కాటుక తెగులు అన్నారు.

పేరు చక్కగానే ఉన్నది. కాని అందులో ఒక చిక్కున్నది. జొన్నకు వచ్చే కాటుక తెగులు ఒకటి కాదు, నాలుగు. వాటిని కలిగించే శిలీంధ్రాలు నాలుగు వేరువేరు జాతులు. ఒకటి విత్తనాన్ని అంటిపెట్టుకొని వస్తుంది, మరొకటి మట్టిలో కాచుకొని ఉంటుంది, ఇంకొకటి గాలిలో ఎగిరి వస్తుంది. విత్తనానికి గంధకం పట్టించి చల్లిన రైతు చేలో మళ్ళీ కాటుక కనబడితే, మందులో కల్తీ ఉన్నదని అతడు అనుకోవటం సహజం. చాలాసార్లు మందు మంచిదే అయి ఉంటుంది. ఆ మందు ఏ కాటుకకు పనిచేస్తుందో, చేలో ఉన్నది ఏ కాటుకో చూడకపోవటమే లోపం. శిలీంధ్రాలను గుర్తుపట్టి వర్గీకరించటం ప్రయోగశాలలోని విద్వాంసుల వేడుక అని అనుకునేవారు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

ఈ నల్లపొడి ఏమిటి? సూక్ష్మదర్శినిలో చూస్తే అది గుండ్రని కణాల రాశి. ఒక్కొక్క కణం మిల్లీమీటరులో సుమారు నూరో వంతు ఉంటుంది. ఇవి శిలీంధ్రపు సిద్ధబీజాలు, అంటే దాని విత్తనాల వంటివి. ఈ మాట ఇప్పుడు సులభంగా చెప్పవచ్చు కాని, ఇది తేలటానికి నూరేళ్ళు పట్టింది. 1755లో ఫ్రాన్సు దేశంలో టిల్లే అనే ఆయన గోధుమ కాటుకలోని నల్లపొడిని మంచి విత్తనానికి పట్టించి నాటి చూశాడు. పొడి పట్టించిన మళ్ళలో తెగులు ఎక్కువగా వచ్చింది. తెగులు ఈ పొడివల్లనే అంటుకుంటున్నదని ఆయన గ్రహించాడు. అయితే అది ఏదో విషమని భావించాడు. 1807లో ప్రెవో అనే ఆయన ఆ కణాలను నీటిలో వేసి, అవి మొలకెత్తటం కళ్ళారా చూశాడు. విషం మొలకెత్తదు గదా! రాగి లవణం కొద్దిగా ఉన్న నీటిలో అవి మొలకెత్తలేదని కూడా ఆయనే కనిపెట్టాడు. మన రైతులు మైలుతుత్తపు నీటిలో విత్తనం ముంచే పద్ధతికి మూలం అక్కడ ఉన్నది. ఆనాటి పండితులు ఆయన మాటను లక్ష్యపెట్టలేదు. 1853లో జర్మనీకి చెందిన డిబారీ కాటుక శిలీంధ్రాలపై గ్రంథం వెలువరించిన తరువాతగాని, శిలీంధ్రం తెగులుకు ఫలితం కాదనీ, కారణమనీ లోకం ఒప్పుకోలేదు.

ఇక జొన్నచేలోని నాలుగింటిని చూద్దాం.

మొదటిది గింజ కాటుక. దీని శాస్త్రనామం స్పోరిసోరియం సోర్గై. కంకిలో చాలా గింజలు, ఒక్కొక్కసారి అన్నీ, విడివిడిగా తిత్తులుగా మారుతాయి. తిత్తి కోలగా ఉండి, మంచి గింజ కంటె కొంచెం పెద్దదిగా, పొట్టులోనుంచి బయటికి పొడుచుకొని వస్తుంది. దాని పొర దళసరి. కనుక అది పొలంలో పగలదు, కళ్లంలో నూర్చేటప్పుడు పగులుతుంది. దాని కుతంత్రమంతా ఇక్కడే ఉన్నది. పగిలిన తిత్తిలోని సిద్ధబీజాలు మంచి గింజల ఒంటికి పట్టుకుంటాయి. వచ్చే ఏడు ఆ గింజ మొలకెత్తేటప్పుడు వాటితోపాటు సిద్ధబీజమూ మొలకెత్తి, మొలక నేలను చీల్చుకొని పైకి రాకముందే దానిలోకి చొరబడుతుంది. ఆ తరువాత మొక్కతోపాటు లోలోపల పెరుగుతుంది. మొక్క పచ్చగా, ఏపుగా ఉంటుంది. ఆకులమీద మచ్చ కనబడదు. కంకి వేసినప్పుడే గుట్టు బయటపడుతుంది. శత్రువు విత్తనం పైననే ఉన్నాడు కాబట్టి దీన్ని కొట్టటం తేలిక. కిలో విత్తనానికి 4 గ్రాముల మెత్తని గంధకపు పొడి పట్టిస్తే చాలు. ఇంత చౌకగా, ఇంత కచ్చితంగా కుదిరే చికిత్సలు సస్యరక్షణలో ఎక్కువ లేవు.

రెండవది విడి కాటుక, స్పోరిసోరియం క్రుయెంటం. ఇదికూడా విత్తనంతోనే వస్తుంది, గంధకానికే లొంగుతుంది. అయితే రూపం వేరు. తెగులు సోకిన మొక్క గిడసబారి, కాడ సన్నగిల్లి, పిలకలు ఎక్కువగా వేసి, తోటి మొక్కల కంటె ముందే కంకి తీస్తుంది. తిత్తి పొర పలుచన కనుక త్వరగా చిట్లి పొడి రాలిపోతుంది. రాలిన తరువాత తిత్తి నడుమ వంకరగా, పొడుగుగా ఒక పుల్ల మిగులుతుంది. గింజ కాటుకలో ఇటువంటి పుల్ల పొట్టిగా, కనబడీ కనబడనట్లు ఉంటుంది. ఈ పుల్లను భూతద్దంతో చూస్తే మొదటిదానికీ దీనికీ భేదం తెలుస్తుంది.

మూడవది పొడుగు కాటుక. ఇందులో కంకి అంతా చెడదు. నాలుగైదు గింజలు మాత్రం అక్కడక్కడ కోడి గోళ్ళవలె కొంచెం వంగి, పొడుగుగా బయటికి వస్తాయి. ఒక్కొక్కటి 4 సెంటీమీటర్లవరకు కూడా పెరుగుతుంది. చీల్చి చూస్తే లోపల నల్లపొడి నడుమ ఎనిమిది పది ముదురు రంగు పోగులు ఉంటాయి. సిద్ధబీజాలు విడివిడిగా ఉండక, గుంపులు గుంపులుగా ఉండలు కట్టి ఉంటాయి. ఈ లక్షణాన్ని బట్టే పూర్వం దీన్ని టోలిపోస్పోరియం అనే వేరొక ప్రజాతిలో ఉంచారు. తరువాతి శాస్త్రజ్ఞులు మార్చారు. ఇది విత్తనంతో మొక్కలోకి పోదు. జొన్న పొట్టమీద ఉన్నప్పుడు గాలిలో వచ్చిన సిద్ధబీజాలు ఆకుతొడుగులో పడి, లోపల ఉన్న లేత పూలను పట్టుకుంటాయి. కనుక విత్తనానికి ఎంత గంధకం పట్టించినా దీనికి వచ్చే నష్టం ఏమీ లేదు. పైన చెప్పిన రైతు మందును తిట్టుకునేది ఎక్కువగా దీన్ని చూచినప్పుడే.

నాలుగవది కంకి కాటుక, స్పోరిసోరియం రెయిలియానం. దీన్ని గుర్తుపట్టటానికి భూతద్దం అక్కరలేదు. కంకి మొత్తం ఒకే పెద్ద తిత్తి అయిపోతుంది. పొట్టలోనుంచి వస్తూనే తెల్లని పొర చినిగి, పొడి గాలికి ఎగిరిపోయి, నల్లని పీచు చిక్కుముడిగా మిగులుతుంది. సిద్ధబీజాలు నేలలో పడి బ్రతికి ఉండి, తరువాతి పైరు మొలకలను పట్టుకుంటాయి. విత్తన శుద్ధివల్ల దీనికి లాభం స్వల్పం. పొర చినగకముందే కంకిని సంచిలో దూర్చి కోసి తగులబెట్టటం, పైరు మార్చటం, తట్టుకునే రకాలను వేసుకోవటం దీనికి మార్గాలు. ఇదే జాతి మొక్కజొన్నను కూడా పట్టుకుంటుంది.

కాటుకవలె కనబడి, కాటుక కానివి మరి రెండున్నవి. పూతదశలో మబ్బు పట్టి మంచు కురిస్తే కంకినుంచి తేనెవంటి బంక కారుతుంది. ఇది బంకకారు తెగులు. మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన మక్‌రే అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు దీనికి కారణమైన శిలీంధ్రాన్ని 1917లో స్ఫసీలియా సోర్గై అనే పేరుతో వర్ణించాడు. ఆ తీపి బంకమీద సెరిబెల్లా అనే మరొక శిలీంధ్రం చేరి నల్లని ముద్ద కడుతుంది. చూచినవారు కాటుక అని పొరబడతారు. రెండవది, గింజ పక్వానికి వచ్చిన తరువాత వాన పడితే పట్టే గింజబూజు. ఇందులో నలుపు గింజ పైన ఉంటుంది. గింజ గింజగానే ఉంటుంది. చిదిపితే పిండి కనబడుతుంది. కాటుకలో గింజే ఉండదు.

ఈ కాటుక శిలీంధ్రాలకు జీవలోకంలో బంధువులెవరు? సిద్ధబీజం మొలకెత్తినప్పుడు చిన్న గొట్టంవంటి కాడ పుట్టి, నాలుగు గదులుగా చీలి, వాటినుంచి చిన్న బీజాలు పుడతాయి. దాదాపు ఇటువంటి ఏర్పాటే వానకాలంలో చెదలపుట్టమీద లేచే పుట్టగొడుగు గొడుగు క్రింద కూడా ఉన్నది. కనుక జొన్నకంకిలోని కాటుక, కూర వండుకునే పుట్టగొడుగుకు దూరపు చుట్టం. జొన్న ఆకులమీద ఎర్రని పొక్కులు లేపే తుప్పు తెగులు శిలీంధ్రమైన పక్సీనియా పర్పూరియా కూడా ఈ వంశంలోనిదే. ఆకారం చూస్తే ఈ చుట్టరికం ఊహకందదు. పుట్టుక చూస్తేనే తెలుస్తుంది.

శిలీంధ్రాలు చాలాకాలం వృక్షశాస్త్ర గ్రంథాలలో, పత్రహరితం లేని మొక్కలుగా, చివరి అధ్యాయంలో ఉండేవి. 1969లో విటేకర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాటికి ప్రత్యేక రాజ్యం ఇచ్చాడు. అవి ఎండనుంచి ఆహారం చేసుకోలేవు, జంతువులవలె మింగలేవు. బయటనే కరిగించి పీల్చుకుంటాయి. వాటి కణకవచం కైటిన్‌తో, అనగా రొయ్య పెంకులో ఉండే పదార్థంతో ఏర్పడినది. జన్యుపదార్థాన్ని పోల్చి చూచిన తరువాత, శిలీంధ్రాలు మొక్కల కంటె జంతువులకే దగ్గరివని తేలింది. వృక్షశాస్త్రం పాఠంలో ఈ మాట చెబితే తరగతిలో నవ్వు పుట్టవచ్చు. అయినా చెప్పవలసిందే.

వర్గీకరణలో వచ్చిన మార్పులు రైతు జేబుకు తగిలే చోటు మరొకటి ఉన్నది. ఉదయం వేళ జొన్న ఆకుల అడుగున తెల్లని బూజు కనబడి, తరువాత ఆకులు పీలికలవటం బూజు తెగులు. కొర్రచేలో కంకి గింజకట్టక, పచ్చని ఆకుల కుచ్చుగా మారిపోవటం వెర్రికంకి తెగులు. రెంటికీ కారణమైన జీవులు బంధువులు. మొదటిది పెరోనోస్క్లిరోస్పోరా సోర్గై, రెండవది స్క్లిరోస్పోరా గ్రామినికోలా. పాత పుస్తకాలలో ఇవి శిలీంధ్రాలే. ఇప్పుడు కావు. వీటి కణకవచం ప్రధానంగా సెల్యులోజుతో ఏర్పడినది. నిజమైన శిలీంధ్రాల కంటె, నీటిలో పెరిగే కొన్ని గోధుమరంగు నాచులకు ఇవి దగ్గరివి. ఇది పేర్ల మార్పు మాత్రమే కాదు. నిజమైన శిలీంధ్రాలను అణచే కార్బెండజిమ్ వీటిమీద పనిచెయ్యదు. వీటిని అణచే మెటలాక్సిల్ కాటుక మీద పనిచెయ్యదు. కొట్టువాడు ఇచ్చిన పొట్లం ఏదైనా ఒకటేనని చల్లే అలవాటుకు మూల్యం ఇక్కడ తెలుస్తుంది.

తెగులును గుర్తుపట్టటానికి ముందు మొక్కను గుర్తుపట్టాలి. శిలీంధ్రాలలో ఎక్కువ పరాన్నజీవులు ఒక మొక్కను, లేదా దాని దగ్గరి బంధువులను మాత్రమే ఆశ్రయిస్తాయి. కనుక అతిథేయి మొక్క పేరు తప్పితే శిలీంధ్రం పేరు కూడా తప్పే అవకాశం ఎక్కువ. జొన్న సంగతే చూడండి. రైతులు రంగును బట్టి తెల్లజొన్న, పచ్చజొన్న అనీ, కాలాన్ని బట్టి మాఘి జొన్న అనీ విభజించుకున్నారు. 1936లో స్నోడెన్ అనే ఆంగ్లేయుడు ప్రపంచంలో సాగయ్యే జొన్నలను 31 జాతులుగా విడగొట్టాడు. ఇవన్నీ ఒకదానితో ఒకటి సంకరమై, మంచి విత్తనం కట్టగలవు. అటువంటప్పుడు వాటిని వేరు జాతులనటం ఎట్లా? 1972లో హార్లన్, డివెట్ అనేవారు సాగు జొన్నలన్నిటినీ ఒకే జాతిగా చేర్చి, అందులో ఐదు ముఖ్య తెగలు చూపారు. ఇప్పుడు దాని పేరు సోర్గమ్ బైకలర్. రైతు విభజన తప్పు కాదు. అతనికి కావలసినది రొట్టె రంగు, కోత కాలం. శాస్త్రజ్ఞుడికి కావలసినది చుట్టరికం.

వాడుక పేర్లు ఎంత మోసం చేస్తాయో మల్లె అనే మాట చెబుతుంది. జొన్నచేలో మొక్క మొదట తెల్లని చిన్న పూలతో లేచే జొన్నమల్లెకు, పందిరి మల్లెకు ఏ సంబంధమూ లేదు. ఇది స్ట్రైగా అనే పూలమొక్క. జొన్న వేళ్ళలోకి తన వేళ్ళు గుచ్చి నీరు, లవణాలు దొంగిలిస్తుంది. జొన్న వాడితే తెగులని భ్రమపడి మందు చల్లేవారున్నారు. పూతకు రాకముందే దాన్ని పీకివెయ్యటమే మందు.

వెనుకటి తరాలవారు మొక్కల పేర్లు స్థిరపరచటానికి పడిన శ్రమ ఈ ప్రాంతానికి దూరమైనది కాదు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి తెలుగునాటి మొక్కలను వర్ణించి, వాటి తెలుగు పేర్లను కూడా తన గ్రంథాలలో నమోదు చేశాడు. సోమిద చెట్టుకు సోయ్మిడా అనే లాటిన్ పేరు తెలుగునుంచి పోయినదే. ఆళ్లగడ్డ ప్రక్కన, అహోబిలం మీదుగా సాగే నల్లమలను భారత వృక్ష పరిశీలనశాఖకు చెందిన ఎల్లిస్ శోధించాడు. నేలవేముకు బంధువైన ఒక చిన్న మొక్కకు ఆయన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అని పేరు పెట్టాడు. ఇక సాగు మొక్కల పరిశీలనకు నంద్యాలలో 1906లోనే వ్యవసాయ క్షేత్రం వెలసింది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగం. ప్రత్తి, జొన్న, కొర్ర, శనగ రకాలు అనేకం అక్కడ తయారైనవి.

శనగ ఈ నల్లరేగడిలో గత కొన్ని దశాబ్దాలలో బాగా విస్తరించింది. దానితోపాటే చిక్కు ప్రశ్న ఒకటి వచ్చింది. చేలో అక్కడక్కడ శనగ మొక్కలు ఎండిపోతాయి. బాటమీద నిలిచి చూస్తే అన్నీ ఒకటే ఎండు. మొక్కను పీకి చూడాలి. వేరు పైకి బాగానే ఉండి, కాండాన్ని నిలువునా చీల్చినప్పుడు నడుమ గోధుమ నలుపు చార కనబడితే అది ఎండు తెగులు, కారణం ఫ్యుజేరియం. పీకగానే తల్లివేరు పుటుక్కున విరిగి, పిల్లవేళ్ళు లేకుండా పుల్లవలె బయటికి వస్తే అది ఎండు వేరుకుళ్ళు; కారణం మాక్రోఫొమైనా ఫేసియోలైనా. మొలక దశలోనే పడిపోయి, మొదలు దగ్గర తెల్లని బూజు, ఆవగింజలవంటి ఉండలు కనబడితే అది మొదలుకుళ్ళు. కారణం స్క్లిరోషియం రోల్ఫ్‌సై. విత్తేటప్పుడు నేలలో తేమ ఎక్కువైతే మొదలుకుళ్ళు, పూతకాయ దశలో వేడి, బెట్ట ఎక్కువైతే ఎండు వేరుకుళ్ళు హెచ్చుతాయి.

మొదటి రెంటి స్వభావం పరస్పర విరుద్ధం. శనగనెండగొట్టే ఫ్యుజేరియం రూపంలో ఇతర పైరులను ఎండగొట్టే తన సోదరులవలెనే ఉంటుంది. సూక్ష్మదర్శిని వాటిని వేరుచెయ్యలేదు, మొక్కే వేరుచేస్తుంది. శనగనెండగొట్టేది జొన్నకు హాని చెయ్యదు. అందులోనూ ఉపభేదాలున్నవి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో హవారే, నెనె అనే శాస్త్రజ్ఞులు పది రకాల శనగలమీద దాన్ని పరీక్షించి, మన దేశంలో నాలుగు తెగలున్నవని 1982లో ప్రకటించారు. 1999లో విడుదలైన జె.జి. 11 వంటి ఎండు తెగులును తట్టుకునే రకాలు ఇటువంటి పరిశోధనల బలంతోనే వచ్చినవి. మాక్రోఫొమైనా అట్లా కాదు. అది 500 పైచిలుకు మొక్కలను పట్టుకోగలదు. శనగకు ఎండు వేరుకుళ్ళు తెచ్చేదీ, బెట్టకు గురైన మాఘి జొన్న కాండంలో బొగ్గుపొడి నింపి పైరును పడవేసేదీ ఇదే. కనుక శనగ ఎండిన చేలో మరుసటి ఏడు జొన్న వెయ్యవచ్చునా అనే ప్రశ్నకు సమాధానం, ఎండగొట్టినది ఎవరన్నదానిమీద ఆధారపడి ఉన్నది.

ఈ శిలీంధ్రానికి చాలాకాలం రెండు పేర్లుండేవి. సిద్ధబీజాలు లేని దశలో దొరికినప్పుడు రైజోక్టోనియా బటాటికోలా, సిద్ధబీజాల తిత్తులతో దొరికినప్పుడు మాక్రోఫొమైనా. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నట్లు. 2011లో మెల్‌బోర్న్‌లో సమావేశమైన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ, శిలీంధ్రపు వేరువేరు దశలకు వేరువేరు పేర్లు పెట్టే పద్ధతిని రద్దు చేసింది. పాత పాఠ్యపుస్తకాలు వాడే ఉపాధ్యాయులు ఈ సంగతి గమనించాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పాఠశాలలలో కాటుక కంకుల సేకరణ సులభంగా జరపవచ్చు. కావలసినవి పదిరెట్లు చూపే భూతద్దం, చిన్న కత్తి, పాత వార్తాపత్రికలు, కాగితపు సంచులు. ప్లాస్టిక్ సంచి పనికిరాదు. తేమ నిలిచి గంటలలోనే వేరే బూజు పట్టి అసలు రూపు చెడుతుంది. కంకితోపాటు ఆ మొక్క ఆకు, కాండం ముక్క కూడా తీసుకోవాలి. తోడుగా తెగులులేని కంకి ఒకటి ఉండాలి. ఎత్తు తగ్గినదా, పిలకలెన్ని, కంకిలో ఎన్ని గింజలు చెడినవి అన్నవి చేలోనే వ్రాసుకోవాలి. ఇంటికి వచ్చిన తరువాత జ్ఞాపకం మీద వ్రాసినవి నమ్మదగవు. చీటీమీద మొక్క పేరు, రైతు పిలిచే పేరు, ఊరు, తేదీ, నేల రకం, సేకరించినవారి పేరు ఉండాలి. తెగులు పేరు మాత్రం వెంటనే వ్రాయక, నాలుగింటి లక్షణాలతో పోల్చిన తరువాత పెన్సిలుతో వ్రాయటం మంచిది. 1905లో పూసాలో బట్లర్ ప్రారంభించి, ఇప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఉన్న శిలీంధ్రాల భాండాగారం కూడా ఇటువంటి చీటీలతో, ఎండిన ఆకులతోనే నిండినది.

తిత్తిని చిదిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. చూడటం ముగిసిన తరువాత మిగిలిన కంకులను పెంటదిబ్బమీద వెయ్యరాదు, పశువుల దొడ్డిలో పారవెయ్యరాదు. అవి ఎరువుతోపాటు మళ్ళీ చేలోకి చేరుతాయి. వాటిని సంచితోసహా తగులబెట్టి, చేతులు, కత్తి సబ్బుతో కడుక్కోవాలి.